పశువుల పళ్ళు, ఎముకలు: రైతు తెలిసికొనవలసిన సంగతులు

పశువును కొనబోవు రైతు సంతలో మొట్టమొదట చేయు పని దాని నోరు తెరచి చూచుట. ధర సంగతి తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని మాట్లాడుకొందురు గాని, వయస్సు సంగతి మాత్రము పశువు నోటితోనే చెప్పించుదురు. అమ్మువాడు ఎన్ని కబుర్లు చెప్పినను క్రింది దవడలోని ఎనిమిది పళ్ళ సాక్ష్యమునకు ఎదురు లేదు. ఐతే ఆ పళ్ళలో వయస్సు ఒక్కటే కాదు, ఇంకను కొన్ని సంగతులు వ్రాసియున్నవి. ఆ పశువు దూడగా నున్నప్పుడు ఏ నీరు త్రాగినదో, ఇక ముందు ఎన్నేళ్ళు మేత నమలగలదో వానిని బట్టి చెప్పవచ్చును. ఎముకలు చర్మము క్రింద దాగియుండుటచే వానిని గూర్చి మనము అసలే తలపోయము. ఎద్దు కాలు విరిగిన నాడో, ఈనిన ఆవు లేవలేక కూలబడిన నాడో గాని అవి గుర్తుకు రావు.

పన్ను, ఎముక చూచుటకు ఒకే జాతివి. రెండింటికిని గట్టిదనము నిచ్చునది కాల్షియము, భాస్వరము కలిసిన ఖనిజమే. పశువు శరీరములోని కాల్షియములో నూటికి 99 పాళ్ళు, భాస్వరములో నూటికి 80 పాళ్ళకు పైగా ఈ రెండింటిలోనే ఉన్నది. కాని ఒక్క విషయములో వీనికి పోలికయే లేదు. ఎముక ప్రాణమున్నంత కాలము తన్ను తాను కొంచెము కొంచెముగా విప్పి మరల కట్టుకొనుచుండును. పంటిమీది పింగాణి పొర అట్లు కాదు. చిగురు లోపల ఒకసారి తయారైన పిమ్మట అది మరి ఒక్క రవ్వయు పెరుగదు; అరిగినది అరిగినట్లే, మచ్చ పడినది మచ్చ పడినట్లే. ఈ భేదమును మనసులో నుంచుకొని క్రింది సంగతులు చదువుడు.

నోటిలోని తిరగలి

ఆవుకును గేదెకును పై దవడలో ముందు పళ్ళు ఉండవు. వాని స్థానములో గట్టి చిగురు ఒకటి మెత్తవలె ఉండును. పట్నవాసులు కొందరు దానిని చూచి పళ్ళు రాలిపోయినవని జాలిపడుట కద్దు. పశువు నాలుకతో గడ్డిని చుట్టి నోటిలోనికి తీసికొని, క్రింది పళ్ళకును ఈ చిగురుకును మధ్య నొక్కిపట్టి, తల విసరి తెంపును. కనుకనే అది గుఱ్ఱమువలె నేలబారు గడ్డిని కొరుకలేదు. నమలు పని అంతయు దవడ పళ్ళది. ఇవి ప్రతి దవడలోను ఒక్కొక్క వైపున ఆరు చొప్పున మొత్తము 24. క్రింది ముందు పళ్ళు ఎనిమిదితో కలిపి పెరిగిన పశువునకు 32 పళ్ళు. దూడకుండు పాల పళ్ళు 20 మాత్రమే.

పన్ను మూడు పదార్థములతో కట్టబడినది. పింగాణి శరీరము మొత్తములో మిక్కిలి గట్టి పదార్థము. అందులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. దాని లోపల దంతధాతువు, ఎముక కంటె కొంచెము గట్టిది. వీనిని దవడకు అతికించునది సిమెంటు వంటి మూడవ పదార్థము. మన పళ్ళలో పింగాణి టోపీవలె పైన మాత్రమే ఉండును. పశువు దవడ పంటిలో అట్లు గాక, మడతలు మడతలుగా లోపలికి దిగియుండును. నమలుచున్న కొలది మెత్తని దంతధాతువు ముందుగా అరగి పల్లమగును, గట్టి పింగాణి అంచులు మిట్టగా నిలిచియుండును. తిరగలి నున్నబడినప్పుడు మనము కక్కు కొట్టించుదుము గదా, పశువు నోటిలో ఆ కక్కు దానంతట అదే పడుచుండునన్న మాట. ఆవు దినమునకు ఏడెనిమిది గంటలు నెమరు వేయును. వరిగడ్డిలో ఇసుక జాతి పదార్థమైన సిలికా హెచ్చు. ఆ రాపిడికి సంవత్సరముల తరబడి నిలువవలెనన్న ఈ ఏర్పాటు లేకున్న కుదరదు.

పళ్ళను బట్టి వయస్సు

దూడ పుట్టునప్పటికి కొన్ని పాల పళ్ళు ఉండనే ఉండును. నెల తిరుగు లోపల ముందు పళ్ళు ఎనిమిదియు వచ్చును. అవి చిన్నవి, తెల్లనివి, మొదట సన్ననివి. తరువాత వచ్చు శాశ్వతపు పళ్ళు వెడల్పుగాను, కొంచెము పసుపు వన్నెతోను ఉండును గనుక ఒకసారి చూచినవారు మరల పొరపడరు. నడిమి జత రెండు, రెండున్నర ఏళ్ళకు పడి మొలచును. రెండవ జత మూడేళ్ళ ప్రాంతమునను, మూడవది మూడున్నర నుండి నాలుగేళ్ళకును, చివరి జత నాలుగున్నర నుండి ఐదేళ్ళకును వచ్చును. సంకరజాతి పెయ్యలలో ఇవి కొన్ని నెలలు ముందుగాను, దేశవాళీ పశువులలోను గేదెలలోను కొన్ని నెలలు వెనుకగాను వచ్చుట సామాన్యము. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పందెములలో జతలను పాల పళ్ళ విభాగము, రెండు పళ్ళ విభాగము, నాలుగు పళ్ళ విభాగము, ఆరు పళ్ళ విభాగము అని వేరుపరచుట ఈ లెక్క మీదనే. పుట్టిన తేదీ వ్రాసిపెట్టు అలవాటు లేని పశువునకు ఇంతకంటె న్యాయమైన లెక్క లేదు.

ఐదేళ్ళు దాటిన తరువాత లెక్క అరుగుదల మీద నడచును. ఆరేడేళ్ళకు నడిమి జత పై అంచు చదునగును. ఒక్కొక్క జతయే అట్లు చదునై, పదేళ్ళ నాటికి ఎనిమిదియు అరిగి, ఆ తరువాత పళ్ళ నడుమ సందులు కనబడును. కాని ఇక్కడ మోసపోవుటకు వీలున్నది. ఇసుక నేలలలో పొట్టి గడ్డి మేసిన పశువు పళ్ళు త్వరగా అరుగును. కుడితి, తవుడు, కోసిన పచ్చిమేతతో కొట్టములో పెరిగిన పశువు పళ్ళు నిదానముగా అరుగును. కావున ఐదేళ్ళలోపు లెక్కను నమ్ముడు, ఆ పై లెక్కను ఒకటి రెండు ఏళ్ళ తేడాతో అంచనాగా మాత్రమే తీసికొనుడు. కొమ్ము మొదట ఈతకు ఒక్కొక్కటి చొప్పున వలయములు ఏర్పడునని చూచువారు కలరు. అది కొంత నిజమే గాని, గాజుపెంకుతో గీకి నూనె పూసిన కొమ్మునకు ఏ వలయము మిగులును? పళ్ళను ఆకురాయితో రాచి అంచులు తీర్చువారు కూడ ఉన్నారు. అట్లు రాచిన పంటిపై గీతలు అడ్డముగా కనిపించును, సహజముగా అరిగిన పన్ను నున్నగా మెరయును. నోరు తెరచినప్పుడు వెలుతురు వైపు త్రిప్పి చూచుట మరువవలదు.

పళ్ళు బాగుగా అరిగిన పశువు కడుపునిండ మేసినట్లు కనబడినను చిక్కిపోవుచుండును. మేత చాలక కాదు, నమలజాలక. పేడలో పొడవైన గడ్డిపరకలు, పగులని గింజలు కనబడిన ఇది గుర్తు. అట్టిదానికి మేతను చిన్న ముక్కలుగా కత్తిరించి, దాణాను మరపట్టించి నానబెట్టి పెట్టినచో మరి రెండు మూడు ఏళ్ళు పనికివచ్చును. పళ్ళను బాగుచేయు మందు ఏదియు లేదు. అట్టి మందు అమ్మువాడు వచ్చినచో కాఫీ ఇచ్చి పంపివేయుడు.

ఎముక రాయి కాదు

కోడి కాలి ఎముకలు రెండు తీసికొని ఇంటివద్దనే ఒక పరీక్ష చేయవచ్చును. పిల్లలకు చూపించిన వారును సంతోషింతురు. ఒకదానిని ఘాటైన వెనిగరులో వారము, పది దినములు నానవేయుడు. మధ్యలో ఒకసారి వెనిగరు మార్చుడు. అందలి ఖనిజము కరగిపోయి, మిగిలిన ఎముక రూపు మారకయే తోలుపట్టీవలె వంగును. రెండవదానిని నిప్పులలో తెల్లబడునంతవరకు కాల్చుడు. దాని రూపము కూడ మారదు, కాని వ్రేలితో నొక్కిన సుద్దవలె పొడియగును. మొదటిదానిలో మిగిలినది సాగు గుణము గల నారపదార్థము, రెండవదానిలో మిగిలినది ఖనిజము. ఎండిన ఎముకలో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజము, ఒక వంతు నార. మన పెద్దలు మట్టిగోడ పెట్టునప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి త్రొక్కిన విధమే ఇది. ఉత్త మట్టి పగులును, ఉత్త గడ్డి నిలువదు. మాంసకృత్తులు చాలని మేత వలన నార చెడును, ఖనిజములు చాలని మేత వలన మట్టి చెడును. ఎముకకు రెండును కావలెను.

కాలి ఎముక మధ్యభాగము వెదురు బొంగువలె గుల్లగా ఉండును. అంతే బరువు గల పదార్థముతో కడ్డీ చేసిన దానికంటె గొట్టము చేసినది వంపునకు ఎక్కువగా ఓర్చును. ఆ గుల్లలో మూలుగ ఉన్నది. చివరలలో ఎముక జల్లెడవలె ఉండి, బరువు పడు దిక్కునకే దాని సన్నని కమ్ములు వరుసలు తీరియుండును. రక్తములోని కణములు తయారగునది కూడ ఎముకలలోని ఎఱ్ఱ మూలుగలోనే. ఎముకను చుట్టి పలుచని పొర ఒకటి గలదు. నరములు, రక్తనాళములు అందులో నుండి లోనికి పోవును. ఎముక విరిగినప్పుడు నొప్పి పుట్టించునది ఈ పొరయే, విరిగిన చోట క్రొత్త ఎముకను కట్టు కణములను అందించునదియు చాలవరకు ఇదియే. అందుచేత విరిగిన చోటును పిసుకుట, లాగి రుద్దుట తగదు. కదలకుండ వెదురు బద్దలు దూదితో కట్టి పశువైద్యుని పిలువవలెను. దూడల కాలి ఎముకలు సరిగా కట్టినచో కొన్ని వారములలోనే అతుకును.

దుక్కిటెద్దును గూర్చి ఒక్క మాట. ముందుకాలికి మనము మోకాలు అనునది నిజమునకు మన మణికట్టుతో సమానమైన కీలు. వెనుకకాలిలో వెనుకకు పొడుచుకొని వచ్చు కీలు మన మడమ. పశువు తన రెండు వ్రేళ్ళ గోళ్ళ మీద నిలిచి నడచుచున్నదన్న మాట. మనకున్నట్లు దానికి మెడయెముక, అనగా భుజమును రొమ్ముతో కలుపు ఎముక లేదు. ముందుకాళ్ళు రెండును కండల తోడనే మొండెమునకు తగుల్కొని యున్నవి. ఆ కండల నడుమ మొండెము ఉయ్యాలలో వలె వ్రేలాడుచున్నది. శరీరపు బరువులో సగమునకు పైగా ముందుకాళ్ళ మీదనే పడును. ఆ పైన బండిలో బరువు ముందుకు వేసి కాడిని క్రుంగదీసినచో ఏమగునో చెప్పనక్కరలేదు. బరువు ఇరుసు మీద సరిపడునట్లు సర్దుకొనవలెను.

లేత గిత్తను బరువు పనికి కట్టువారు ఇంకొక సంగతి ఎరుగవలెను. దూడ ఎముక నడుమ పెరుగదు. చివరలకు సమీపమున గల తరుణాస్థి పలకల వద్ద మాత్రమే పొడవు పెరుగును. ఆ పలకలు మెత్తనివి. కాలి క్రింది భాగములో అవి రెండేళ్ళ ప్రాంతమునకే ఎముకగా మారి గట్టిపడినను, భుజము వద్దను తొడ వద్దను మూడున్నర, నాలుగేళ్ళ వరకు మెత్తగానే ఉండును. రెండు పళ్ళ గిత్త చూచుటకు బలముగా కనిపించును, కండ కూడ పట్టియుండును. కాని లోపలి కట్టడము పూర్తి కాలేదు. దానికి కాడి అలవాటు చేయవచ్చును, ఉత్త బండి లాగించవచ్చును. పూర్తి దుక్కి, నిండు బండి ఆరు పళ్ళు వచ్చిన తరువాతనే. ఒక ఏడు ముందుగా పని తీసికొనినవాడు చివర రెండు మూడేళ్ళ పని పోగొట్టుకొనుట తరచుగా చూచుచున్నాము.

గాదె వంటి ఎముక

ఎముక పని శరీరమును నిలబెట్టుటతో తీరలేదు. అది కాల్షియము, భాస్వరము నిలువచేయు గాదె. గుండె కొట్టుకొనుటకు, కండరములు కదలుటకు రక్తములో కాల్షియము ఎల్లప్పుడు ఒకే మట్టమున ఉండవలెను. ఆ మట్టము తగ్గగానే గొంతు వద్ద గల చిన్న గ్రంథులు కబురు పంపును; ఎముకను తొలుచు కణములు పనికి దిగి గాదె నుండి తీసి రక్తమునకు ఇచ్చును. మేతలో సమృద్ధిగా వచ్చిన నాడు ఎముకను కట్టు కణములు మరల నింపును.

పాడి పశువు గాదెపై ఎంత భారమున్నదో లెక్క వేసి చూడుడు. గేదెపాలు లీటరులో సుమారు 1.8 గ్రాముల కాల్షియము ఉన్నది. దినమునకు 6 లీటర్ల చొప్పున 280 దినములు పాలిచ్చిన గేదె ఒక్క ఈతలో దాదాపు 3 కిలోల కాల్షియము పాలలో ఇచ్చివేయును. 450 కిలోల బరువు గల గేదె ఎముకలన్నిటిలో కలిపి ఉన్నది ఇంచుమించు 6 కిలోలు. అనగా ఒక ఈతకు గాదెలో సగము! ఇదంతయు మేత ద్వారా తిరిగి రావలెను. రాకున్న మొదటి సంవత్సరము ఏమియు కనబడదు. రెండవ మూడవ ఈతలకు పాలు తగ్గును, ఎద ఆలస్యమగును, నడక బిగుసుకొనును. అప్పుడు దృష్టి తగిలినదని అనుకొందుము.

గాదె నిండియున్నను ఒక్కొక్కసారి తలుపు సమయమునకు తెరచుకొనదు. పాలజ్వరము అనునది ఇదే. ఈనిన దినమున జున్నుపాలు దిగునప్పుడు కాల్షియము ఒక్కసారిగా పొదుగులోనికి పోవును. జున్నుపాలు లీటరులో సుమారు 2.3 గ్రాములున్నది, 10 లీటర్లు పిండిన 23 గ్రాములు. పెద్ద ఆవు రక్తరసములో ఏ క్షణమునందైనను ఉండునది సుమారు 3 గ్రాములు మాత్రమే. మూడవ ఈత దాటిన అధికపాల పశువులలో ఎముకలు ఆ వేగముతో ఇయ్యలేవు. పశువు మొదట తూలును, చెవులు చల్లబడును, తరువాత కూలబడి మెడను డొక్క మీదికి మడచుకొని పడియుండును. పేరు జ్వరమే గాని ఒళ్ళు చల్లగా ఉండును. ఇది సామాన్యముగా ఈనిన 3 దినముల లోపల వచ్చును. పశువైద్యుడు నరములోనికి కాల్షియము మందును నిదానముగా ఎక్కించినచో చచ్చిపోవునని ఆశ వదలుకొన్న పశువు కొద్ది సేపటిలో లేచి నిలబడును. తొందరపడి వేగముగా ఎక్కించినచో గుండె ఆగును గనుక ఇది తెలియనివారు చేయు పని కాదు.

నేనెరిగిన ఒక ఊరిలో మూడవ ఈత ఈనిన సంకరజాతి ఆవు రెండవనాటి రాత్రి ఇట్లే కూలబడినది. చల్లబడినదని చూచి ఇంటివారు మిరియాల కషాయము కాచి గొట్టముతో పోసిరి. ఉదయమునకు వైద్యుడు వచ్చి మందెక్కించగా ఆవు లేచినది, అందరును సంతోషించిరి. కాని రాత్రి పోసిన కషాయములో కొంత ఊపిరితిత్తులలోనికి పోయినది. మ్రింగు శక్తి లేని పశువునకు పోసినది అక్కడికి కాక ఎక్కడికి పోవును? నాలుగవనాడు ఆవు చచ్చినది. ఆ ఇంటికి నెలసరి రాబడి ఆ ఆవు పాలే. వారు చేసినది ప్రేమతో చేసినదే. కావుననే ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను: కూలబడిన పశువు నోటిలో ఏమియు పోయరాదు. గడ్డి నింపిన గోనెలు ప్రక్కలకు ఆనించి రొమ్ము మీద కూర్చుండునట్లు చేయుడు, ఒక్క ప్రక్కనే పడియుండనీయక మార్చుచుండుడు, పశువైద్యశాలకు కబురు పంపుడు, లేదా సంచార పశువైద్య వాహనమునకై 1962 నంబరుకు ఫోను చేయుడు. ముందుజాగ్రత్తగా, ఇంతకుముందు పాలజ్వరము వచ్చిన పశువునకు ఈనిన మొదటి రెండు దినములు దూడకు చాలినంత మాత్రము పిండి, పొదుగును పూర్తిగా ఖాళీ చేయకుండుట మంచిది.

ఇందులో ఒక విచిత్రము గలదు. ఈనబోవు ముందు రెండు మూడు వారములు కాల్షియము సీసాలు త్రాగించుట, లూసర్ను వంటి మేత విరివిగా వేయుట వలన మేలు కలుగదు సరికదా కీడు కలుగును. పైనుండి ధారాళముగా వచ్చుచున్నప్పుడు గొంతు వద్ద గ్రంథులు సోమరులగును. ఈనిన నాడు గాదె తలుపు తీయవలసి వచ్చినప్పుడు అవి మేలుకొనవు. కాల్షియము ఇయ్యవలసినది ఈనిన దినము నుండి.

భాస్వరపు ఆకలి

గేదె చెప్పులు నమలుచున్నదనియు, గోడలు నాకుచున్నదనియు, బట్టలు మ్రింగుచున్నదనియు రైతులు తరచుగా చెప్పుచుందురు. కొందరు మూతికి చిక్కము కట్టి ఊరకుందురు. కడుపులో పురుగులున్నను ఇట్లు చేయును గనుక మొదట పురుగులమందు త్రాగించవలెను. అప్పటికిని మానకున్నచో అది ఎముకలలో భాస్వరము తరిగినదని పశువు చెప్పుచున్న మాట. మరీ కరవైన పశువు బీడులో దొరకిన పాత ఎముకలను నమలును. దక్షిణాఫ్రికాలో 1920 ప్రాంతమున ఆర్నాల్డ్ థైలర్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు, అక్కడి గడ్డిభూములలో పశువులు కాళ్ళు పడిపోయి గుంపులుగా చచ్చుటకు కారణము కనుగొనెను. నేలలో భాస్వరము లేక, గడ్డిలో లేక, ఆకలిగొన్న పశువులు చచ్చిన జంతువుల ఎముకలు నమలి, వానికి అంటియున్న కుళ్ళిన పదార్థపు విషముచే చచ్చుచుండెను. ఎముకల పొడి పెట్టగానే ఎముకలు నమలుట మానినవి, చావులు ఆగినవి. చచ్చిన పశువును లోతుగా పాతిపెట్టుట ఊరి పశువులన్నిటికి రక్ష.

మన మేతలలో వరిగడ్డి రెండు విధముల పేదది. అందు భాస్వరము మిక్కిలి తక్కువ. ఉన్న కాల్షియమును కూడ అందలి ఆక్సలేటు అను పదార్థము కట్టివేయును. తవుడు, వేరుశనగ పిండిలో భాస్వరము మెండు, కాల్షియము కొంచెము. కాయజాతి పచ్చిమేతలు దీనికి సరిగా ఎదురు: పిల్లిపెసర, జనుము, అలసంద, అవిశ ఆకులలో కాల్షియము మెండు. వరి కోసిన చేలలో పిల్లిపెసర చల్లు మన కోస్తా రైతుల పాత పద్ధతి నేలకే కాక పశువు ఎముకకును పనికివచ్చినదని ఇప్పుడు తెలియుచున్నది. దానిని మానుకొనిన ఊళ్ళలో మరల ఆరంభించుట మంచిదని నా అభిప్రాయము. తవుడు ఒక్కటే అతిగా పెట్టిన మగదూడలకు మూత్రమార్గములో రాళ్ళు ఏర్పడును, రెండును కలియవలెను.

ఇవి ఎంత పెట్టినను పాడి పశువునకు ఖనిజ లవణ మిశ్రమము విడిగా ఇయ్యవలెను. దినమునకు దూడకు 20 నుండి 25 గ్రాములు, పెద్ద పశువునకు 50 గ్రాములు, అధికముగా పాలిచ్చుదానికి 100 గ్రాములు దాణాలో కలిపి పెట్టవచ్చును. వెనుకటి సంచికలలో, పాత పుస్తకములలో ఉడికించిన ఎముకల పొడి పెట్టుమని చదివినవారు ఇప్పుడు ఆ పని చేయరాదు. 1986లో ఇంగ్లండులో గుర్తింపబడిన పిచ్చి ఆవు వ్యాధి, పశువుల ఎముకలు మాంసము కలిసిన దాణా వలన వ్యాపించినదని తేలిన పిమ్మట నెమరు వేయు పశువులకు దానిని మానిపించిరి. ఎముకల పొడి చేనికి వేయుడు. అది మంచి భాస్వరపు ఎరువు. అట్లే ఎరువుల సూపర్ ఫాస్ఫేటునుగాని, రాతి ఫాస్ఫేటునుగాని చవక యని పశువునకు పెట్టరాదు. వానిలో ఫ్లోరిను అధికము. ఇంకొక్కటి, ఇది ఉచితము: దూడలను చీకటి కొట్టములో కట్టివేయక ఎండ తగులనీయవలెను. ఎండ వలన చర్మములో పుట్టు డి విటమిను లేనిదే పెట్టిన కాల్షియము ప్రేగు దాటి ఎముకకు చేరదు. కీళ్ళు ఉబ్బి కాళ్ళు దొడ్డివంకర పోవు దూడలు చీకటి కొట్టములలోనే కనిపించును.

పళ్ళు చెప్పు నీటి సంగతి

మన ప్రాంతమునకు సంబంధించినది, గ్రామాధికారులు ముఖ్యముగా గమనింపవలసినది ఫ్లోరైడు. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతములో దుక్కిటెడ్లు కీళ్ళు బిగిసి నడువలేకపోవుట రైతులు 1930 తరువాతి సంవత్సరములలో గమనించిరి. 1937లో షార్టు మొదలగు వైద్యులు ఆ ప్రాంతపు మనుష్యులలో కూడ అదే వ్యాధి ఉన్నదనియు, అందుకు బావినీటిలోని ఫ్లోరైడు కారణమనియు ప్రకటించిరి. ఆ గ్రామములు పెక్కు 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాలో చేరినవి. నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల కష్టము దేశమంతటికి తెలిసినదే. ఆ జిల్లా పేరుననే పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు రూపొందించిరి.

ఫ్లోరైడు ఎముకలోను పంటిలోను కాల్షియముతో కూడి నిలిచిపోవును. ఎముకలో అది జీవితాంతము పేరుకొనును: దవడ మీద, ప్రక్కటెముకల మీద, ముందుకాలి ఎముకల మీద బుడిపెలు లేచును, పశువు ఒకనాడు ఒక కాలు, మరొకనాడు మరొక కాలు కుంటును. పంటిలో అట్లు కాదు. చిగురు లోపల పన్ను తయారగు కాలములో త్రాగిన నీరే దానిని చెరచును. మొలచిన పన్ను తరువాత ఎట్టి నీరు త్రాగినను మచ్చపడదు, ముందే పడిన మచ్చ పోదు. కావున రెండు పళ్ళ పెయ్య ముందు పళ్ళపై సుద్దవలె తెల్లని మచ్చలు, గోధుమరంగు గీతలు కనబడినచో, అది దూడగా త్రాగిన నీటి సాక్ష్యము. నల్లబడి గోకినను పోని మరక వేరు, పచ్చిమేత పాచి వేరు; బట్టతో తుడిచిన పాచి పోవును.

దీనిని వాడుకొను విధము సులభము. సంతలో కొన్న పశువులను లెక్కలో చేర్చవలదు. అవి మరియొక ఊరి నీటి సంగతి చెప్పును. ఊరిలోనే పుట్టి పెరిగిన రెండు, నాలుగు పళ్ళ పెయ్యలను, పడ్డలను పదింటిని చూడుడు. వానిలో మూడు నాలుగింటికి ఇట్టి మచ్చలున్నచో ఆ పశువులు ఏ బావి, ఏ బోరు నీరు త్రాగినవో విచారింపుడు. మనుష్యులు త్రాగు నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరొక దారి లేనిచోట 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము. పశువులకు 2 మిల్లీగ్రాములు దాటిన ప్రమాదము. నీరు తేటగా తియ్యగా ఉన్నంత మాత్రమున ఫ్లోరైడు లేదని తలపరాదు. మంచి నీరు కొంచెమే దొరకుచోట, చెరువు నీరైనను వాననీరైనను, మొదట దూడలకును ఐదేళ్ళలోపు పశువులకును ఇయ్యుడు. వానికి ఇంకను పళ్ళు తయారగుచున్నవి.

పరీక్షకు పంపు నీటిని గాజుసీసాలో పట్టరాదు. ఫ్లోరైడు గాజుతో కలియును. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, బోరును కొంతసేపు నడిపిన తరువాత ఒక లీటరు పట్టి, మూత బిగించి, ఊరి పేరు, బోరు ఉన్న చోటు, లోతు, పట్టిన తేదీ చీటీపై వ్రాసి అంటించి, గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపవలెను. చీటీలో పెయ్యల పళ్ళ సంగతి కూడ ఒక వాక్యము వ్రాయుడు.